స్మారక స్తంభం మీది ఒక్క పేరుతో కెనడా స్వాతంత్ర్యం కథ పిల్లలకు చెప్పడం ఎలా

కెనడాలో పెరుగుతున్న మన పిల్లలు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న అడుగుతారు. "ఇండియాకి ఆగస్టు 15 ఉంది. మరి కెనడాకి స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చింది?" జూలై 1 అని చెప్పి ఊరుకుంటే అది సగం జవాబే. 1867 జూలై 1న నాలుగు ప్రావిన్సులతో ఒక సమాఖ్య ఏర్పడింది. రోడ్లు, రైళ్లు, పన్నుల సంగతి ఒట్టావాలోని కెనడా ప్రభుత్వం చూసుకునేది. ఏ దేశంతో యుద్ధం, ఏ దేశంతో సంధి అనేది మాత్రం లండన్ చేతిలోనే ఉండిపోయింది. ఆ అధికారం ఒక అర్ధరాత్రి గంట కొట్టగానే రాలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో అడగడం మొదలుపెట్టి, యుద్ధం అయ్యాక ఏళ్ల తరబడి ఒక్కో కాగితం మీద ఒక్కో సంతకంగా తెచ్చుకున్నారు.

నేను తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు హిస్టరీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఒంటారియోలోని కిచెనర్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వారాంతాల్లో మా మనవరాలికీ, చుట్టుపక్కల తెలుగు పిల్లలకీ తెలుగు చదవడం, రాయడం నేర్పిస్తాను. ఈ పాఠం ఆ పిల్లలతో చేస్తూ చేస్తూ కుదిరింది. తేదీల పట్టిక ముందు పెడితే పిల్లలకు ఐదు నిమిషాల్లో ఆవలింతలొస్తాయి. ఒక మనిషి పేరు చేతికిస్తే వాళ్లే వెతుక్కుంటూ వెళ్తారు. పదేళ్లు దాటిన పిల్లలకు బాగుంటుంది. పౌరసత్వ పరీక్షకు చదువుతున్న పెద్దవాళ్లకూ పనికొస్తుంది. కావలసింది ఒక నోట్‌బుక్, నెట్ ఉన్న ఫోన్ లేదా లాప్‌టాప్, కొంచెం ఓపిక.

రాయి దగ్గర

కెనడాలో చిన్న ఊళ్లో కూడా ఒక యుద్ధ స్మారకం ఉంటుంది. సెనటాఫ్ అంటారు. మామూలు రోజున వెళ్లండి. నవంబర్ 11 ఉదయం అక్కడ సభ జరుగుతుంది. ఆ రోజు నిలబడి మౌనం పాటించి రావాలి గానీ, నోట్‌బుక్ తీసి పేర్లు రాసుకునే సమయం కాదది. పూలచక్రాలు పెట్టి ఉంటే వాటిని కదిలించొద్దని పిల్లలకు ముందే చెప్పండి.

మొదట సంవత్సరాలు చూడమనండి. కొన్ని రాళ్ల మీద 1914–1918 అని ఉంటుంది, కొన్నిటి మీద 1914–1919. కాల్పులు ఆగింది 1918 నవంబర్ 11న. జర్మనీతో శాంతి ఒప్పందం మీద సంతకాలు అయింది 1919 జూన్ 28న. ఈ పాఠానికి ఆ రెండో తేదీ చాలా ముఖ్యం, నోట్‌బుక్‌లో పెద్దక్షరాలతో రాయించండి.

తర్వాత ఒక్క పేరు ఎంచుకోవాలి. స్మిత్, బ్రౌన్, విల్సన్ లాంటివి వద్దు, అదే పేరుతో వందల మంది దొరుకుతారు. ఇంటిపేరు కాస్త అరుదుగా ఉండి, పక్కన ఇనిషియల్స్ ఉంటే వెతకడం తేలిక. మా ఊళ్లో జర్మన్ ఇంటిపేర్లు చాలా కనిపిస్తాయి. జర్మనీ మీద యుద్ధంలో చనిపోయినవాళ్లకు జర్మన్ పేర్లేమిటని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కిచెనర్, వాటర్లూ, కేంబ్రిడ్జ్ వైపు ఉన్నవాళ్లు ముందు మౌంట్ హోప్ శ్మశానవాటికకు వెళ్లమని నా సలహా. అక్కడ ప్రైవేట్ బకమ్ సింగ్ సమాధి ఉంది. పంజాబ్ నుంచి కుర్రవాడిగా బ్రిటిష్ కొలంబియాకు వచ్చి, తర్వాత ఒంటారియో చేరి, 1915లో కెనడా సైన్యంలో చేరాడు. 20వ బెటాలియన్‌తో బెల్జియం వైపు ఫ్లాండర్స్‌లో పోరాడి, 1916లో రెండుసార్లు గాయపడ్డాడు. తర్వాత క్షయ సోకింది. 1919లో కిచెనర్‌లో చనిపోయాడు, అప్పటికి పాతికేళ్లు. కెనడా సైన్యంలో చేరిన సిక్కులు పది మంది వరకూ ఉన్నట్టు తెలుస్తోంది. ఆయన పతకం ఇంగ్లండ్‌లో ఒక పాత వస్తువుల దుకాణంలో 2007లో బయటపడేదాకా ఆయన ఎవరికీ గుర్తులేడు. ఇప్పుడు ప్రతి నవంబర్‌లోనూ అక్కడ సభ జరుగుతోంది. మన పిల్లలు ఆ సమాధి ముందు నిలబడితే ఇది "వాళ్ల" చరిత్ర అనుకునే దూరం తగ్గుతుంది.

కాగితాల్లో ఆ మనిషిని వెతకడం

ఇంటికొచ్చాక కెనడియన్ వర్చువల్ వార్ మెమోరియల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టండి. ప్రభుత్వమే నడుపుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ దొరక్కపోతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్ చూడండి. స్పెల్లింగ్ మార్చి మార్చి వెతకాలి. భారతీయుల పేర్లు, తూర్పు యూరప్ పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేశాడు. మీకు కావలసింది సర్వీస్ నంబరు. అది దొరికితే సగం పని అయినట్టే.

ఆ నంబరుతో లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా సైట్‌కి వెళ్లండి. మొదటి ప్రపంచయుద్ధంలో కెనడా సైన్యంలో చేరిన ఆరు లక్షల ఇరవై వేల మందికి పైగా మనుషుల ఫైళ్లు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. నాలాంటి హిస్టరీ టీచర్‌కి ఇంతకంటే నిధి ఏముంటుంది! ఒక్కో ఫైల్లో ఇరవై కాగితాలు ఉండొచ్చు, వంద ఉండొచ్చు. అన్నీ చూడక్కర్లేదు. ముందు చూడాల్సింది అటెస్టేషన్ పేపర్, అంటే చేరిన రోజున నింపిన ఫారం.

దీన్ని పిల్లల చేతే చదివించండి. పుట్టిన ఊరు, తేదీ, దగ్గరి బంధువు పేరు, చేసే పని, పెళ్లయిందా లేదా అన్నీ ఉంటాయి. రెండో పేజీలో ఎత్తు, ఛాతీ కొలత, కళ్ల రంగు, జుట్టు రంగు, మతం, ఒంటి మీద గుర్తులు. కింద ఆ మనిషి సంతకం. సంతకం చేయడం రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టారు. నూరేళ్లు దాటిన ఆ సిరా చూసినప్పుడు అల్లరి పిల్లలు కూడా నెమ్మదిస్తారు, చాలాసార్లు చూశాను.

ఇక్కడ రెండు చోట్ల ఆగాలి. ఒకటి, పుట్టిన ఊరు. కెనడా పంపిన మొదటి దళంలో సగానికి పైగా బ్రిటన్‌లో పుట్టినవాళ్లే. ఇంగ్లండ్, స్కాట్లాండ్ నుంచి వచ్చి పొలాల్లో, ఫ్యాక్టరీల్లో పనికి కుదురుకున్నవాళ్లు. వాళ్లు తమను బ్రిటిష్‌వాళ్లమనే అనుకుని ఓడెక్కారు. రెండోది, ప్రమాణం. ఆ ప్రమాణం ఐదో జార్జ్ రాజు పేరు మీద ఉంటుంది, కెనడా పేరు మీద కాదు. "ఇప్పుడు కూడా పౌరసత్వ ప్రమాణంలో రాజు పేరుంది కదా?" అని మా మనవరాలు పట్టుకుంది. ఉంది. తేడా ఏమిటంటే, అప్పుడు ఆ రాజుకు సలహా చెప్పేది లండన్ మంత్రులు. ఇప్పుడు కెనడా విషయాల్లో కెనడా మంత్రులే చెప్తారు. ఆ మార్పు ఎలా జరిగిందో చెప్పడానికే ఈ పాఠమంతా.

ఫైల్లో పొడి అక్షరాలు చాలా ఉంటాయి. టి.ఓ.ఎస్. అంటే ఆ దళంలో చేర్చుకున్నారని. ఎస్.ఓ.ఎస్. అంటే జాబితా నుంచి తీసేశారని. జి.ఎస్.డబ్ల్యు. తుపాకీ గాయం. కె.ఐ.ఏ. యుద్ధంలో మరణం, డి.ఓ.డబ్ల్యు. గాయాల వల్ల మరణం. జీతం కాగితం దొరికితే అది కూడా చూపించండి. మామూలు సైనికుడికి రోజుకు ఒక డాలరు, యుద్ధరంగంలో ఉంటే ఇంకో పది సెంట్లు. అందులోంచే నెల నెలా ఇంత అని అమ్మకో భార్యకో పంపించేవాళ్లు. ఆ పంపకం ఆగిపోయిన నెల పక్కన మరణం తేదీ కనిపిస్తుంది. చివరి కాగితాల్లో స్మారక ఫలకం, శిలువ ఎవరికి పంపారో రాసి ఉంటుంది. ఆ వెండి శిలువ కొడుకునో భర్తనో పోగొట్టుకున్న తల్లులకూ భార్యలకూ ఇచ్చేది, 1919 డిసెంబర్‌లో మొదలైంది.

కిచెనర్‌వాళ్లకు ఒక హెచ్చరిక. ఇక్కడి కుర్రాళ్లు చాలామంది 118వ బెటాలియన్‌లో చేరారు. ఆ బెటాలియన్‌ని ఇంగ్లండ్ చేరాక విడగొట్టి వేరే దళాలకు పంచేశారు. అందుకని చేరిన దళం ఒకటి, చనిపోయిన దళం ఒకటి ఉంటుంది. చనిపోయిన నాటి దళం పేరుతోనే వార్ డైరీ వెతకాలి. వార్ డైరీ అంటే ప్రతి దళం రోజూ రాసుకున్న దినచర్య. అవీ అదే సైట్‌లో ఉన్నాయి. మీ మనిషి చనిపోయిన తేదీ తెరిచి, వాతావరణం ఎలా ఉంది, ఎక్కడ ఉన్నారు, ఎంతమంది పోయారు అన్నవి పిల్లల చేత తెలుగులో రాయించండి.

తేదీని బట్టి యుద్ధం

1915 ఏప్రిల్ చివర అయితే అది బెల్జియంలోని ఈప్ర్ కావచ్చు. క్లోరిన్ విషవాయువు వచ్చిన చోటు. 1916 శరదృతువు అయితే సోమ్. 1917 అక్టోబర్, నవంబర్ అయితే పాషెండేల్ బురద. 1918 ఆగస్టు నుంచి నవంబర్ దాకా అయితే చివరి వంద రోజుల పోరు.

1917 ఏప్రిల్ 9 నుంచి 12 మధ్య అయితే అది విమీ రిడ్జ్. ఉత్తర ఫ్రాన్స్‌లో ఒక పొడవాటి మిట్ట. కెనడా సైన్యం నాలుగు డివిజన్లూ మొదటిసారి పక్కపక్కన కలిసి దాడి చేసింది అక్కడే. ఈస్టర్ సోమవారం, మంచు కురుస్తుండగా. నాలుగు రోజుల్లో గెలిచారు. 3,598 మంది చనిపోయారు, ఏడు వేల మంది గాయపడ్డారు. ఇప్పుడక్కడ రెండు తెల్లరాతి స్తంభాల స్మారకం ఉంది. సమాధి కూడా దొరకని 11,285 మంది పేర్లు దాని మీద చెక్కారు.

"కెనడా దేశం విమీలో పుట్టింది" అనే మాట బడిలో పిల్లలు వింటారు. ఆ మాటను నేను అలా ఒప్పుకోను, పిల్లల్ని కూడా ఒప్పుకోనివ్వను. ఆ రోజు సైన్యాన్ని నడిపింది జనరల్ జూలియన్ బింగ్ అనే ఇంగ్లిష్‌వాడు. ఫిరంగుల్లో చాలా భాగం బ్రిటిష్‌వి. కెనడావాడైన ఆర్థర్ కరీ మొత్తం కెనడా కోర్ (నాలుగు డివిజన్లూ కలిసిన సైన్యం) బాధ్యత తీసుకున్నది రెండు నెలల తర్వాత, జూన్‌లో. ఆయన బ్రిటిష్ కొలంబియాలో స్థలాల వ్యాపారం చేసుకుంటూ, పార్ట్‌టైమ్ సైన్యంలో పైకొచ్చినవాడు. యుద్ధంలో గెలిచినంత మాత్రాన అధికారం రాదు. భారత సైనికులూ గెలిచారు కదా, వాళ్ల దేశానికి ఏమొచ్చింది? గెలుపును చేత్తో పట్టుకుని, మాకు దీనికి బదులేమిటని గట్టిగా అడిగినప్పుడే కథ మలుపు తిరిగింది. అడిగింది పారిస్‌లో, లండన్‌లో, బల్లల ముందు కూర్చుని.

మూడు ప్రశ్నలు

పిల్లల నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలు రాయించండి. నిర్ణయం ఎవరిది? సంతకం ఎవరిది? ఎవరి అనుమతి కావాల్సి వచ్చింది? ఇక్కడి నుంచి ప్రతి సంఘటననూ ఈ మూడింటితోనే చూడాలి.

1914 ఆగస్టు 4. బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. కెనడా వేరుగా ప్రకటించలేదు, ప్రకటించే హక్కు దానికి లేదు. బ్రిటన్ యుద్ధంలో ఉంటే కెనడా ఉన్నట్టే. ఎంతమందిని పంపాలన్నది మాత్రం ఒట్టావా నిర్ణయించుకుంది. అప్పటికి దేశ జనాభా సుమారు 80 లక్షలు. అందులో ఆరు లక్షల మందికి పైగా సైన్యంలో చేరారు, సుమారు 61 వేల మంది చనిపోయారు.

ప్రధాని రాబర్ట్ బోర్డెన్ మొదట్లో బ్రిటన్‌కి గట్టి విధేయుడే. 1915లో లండన్ వెళ్లి చూస్తే యుద్ధం సంగతులు ఆయనకు సరిగా చెప్పేవాళ్లే లేరు. 1916 జనవరిలో లండన్‌లోని తన ప్రతినిధికి ఉత్తరం రాశాడు. నాలుగైదు లక్షల మందిని యుద్ధంలోకి దించి, కీలుబొమ్మలకు ఉన్నపాటి మాట కూడా మాకు లేకుండా ఉండమంటే కుదరదన్నది దాని సారాంశం. ఈ ఉత్తరం దగ్గర ఆగి, మళ్లీ మీ సైనికుడి ఫైలు తీయించండి. ఆ నాలుగైదు లక్షల్లో ఒకడు ఇతనే.

1917 ఏప్రిల్‌లో, విమీ పోరు జరిగిన నెలలోనే, లండన్‌లో సామ్రాజ్య యుద్ధ సమావేశం ఒక తీర్మానం చేసింది. తొమ్మిదో తీర్మానం అంటారు. డొమినియన్లు, అంటే సామ్రాజ్యంలో ఉంటూనే ఇంటి పాలన తామే చూసుకునే కెనడా లాంటివి, స్వయంప్రతిపత్తి ఉన్న దేశాలని, విదేశాంగ విధానంలో వాటికి తగిన మాట ఉండాలని, యుద్ధం అయ్యాక రాజ్యాంగ సంబంధాలను సరిచేసుకోవాలని అందులో ఉంది. ప్రతిపాదించింది బోర్డెన్. ఆ సమావేశంలో భారతదేశం తరఫున బికనీర్ మహారాజా గంగాసింగ్ కూడా కూర్చున్నాడు. తీర్మానంలో భారత్ పేరుంది, కానీ స్వయంప్రతిపత్తి ఉన్న దేశంగా కాదు, సామ్రాజ్యంలో ముఖ్యమైన భాగంగా మాత్రమే.

1919లో పారిస్ శాంతి సమావేశం. బ్రిటన్ ఒక్కటే అందరి తరఫునా మాట్లాడుతుందంటే బోర్డెన్ ఒప్పుకోలేదు. వాదించి కెనడాకు రెండు సీట్లు తెచ్చుకున్నాడు. జూన్ 28న వెర్సాయ్‌లో కెనడా తరఫున చార్ల్స్ డోహర్టీ, ఆర్థర్ సిఫ్టన్ సంతకాలు చేశారు. ఒప్పందం చివరి పేజీల స్కాన్ నెట్‌లో దొరుకుతుంది, పిల్లలకు చూపించండి. బ్రిటన్ ప్రతినిధుల తర్వాత, బ్రిటిష్ సామ్రాజ్యం గొడుగు కిందే కెనడా పేరు కనిపిస్తుంది. సంతకం కెనడాది, చోటు సామ్రాజ్యంలోది. పూర్తిగా విడిగా లేదు, పూర్తిగా కలిసీ లేదు. మూడు ప్రశ్నల్లో రెండో దానికి మొదటిసారి "కెనడా" అని జవాబు రాయొచ్చు. మొదటిదానికీ మూడోదానికీ ఇంకా రాయలేం.

దాటేయకూడని సంగతులు

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు నేరుగా 1931 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ చట్టానికి దూకేస్తారు. దయచేసి అలా చేయకండి. యుద్ధం దేశాన్ని బయటికి పెద్దది చేస్తూనే లోపల చీల్చింది.

మా ఊరి పేరు 1916 దాకా బెర్లిన్. ఇక్కడ ఎక్కువమంది జర్మన్ మూలాలవాళ్లు. 1914 ఆగస్టులో విక్టోరియా పార్కులోని జర్మనీ చక్రవర్తి విగ్రహాన్ని చెరువులో పడేశారు. 1916 మేలో ఊరి పేరు మార్చాలా అని ఓటింగ్ పెడితే మార్చాలన్న పక్షం 81 ఓట్ల తేడాతో గెలిచింది. సెప్టెంబర్ 1 నుంచి ఊరు కిచెనర్ అయింది. అదే ఊరి జర్మన్ పేర్ల కుర్రాళ్లు యుద్ధానికి వెళ్లి చనిపోయారు. రాయి మీద కనిపించిన పేర్లు వాళ్లవే.

1917 ఆగస్టులో నిర్బంధ సైనిక చట్టం వచ్చింది. క్విబెక్‌లోని ఫ్రెంచ్ కెనడియన్లలో చాలామంది ఇది మా యుద్ధం కాదన్నారు. డిసెంబర్ ఎన్నికలకు ముందు సైనికుల భార్యలకు, తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఓటు ఇచ్చారు. శత్రుదేశాల నుంచి వచ్చి 1902 తర్వాత పౌరసత్వం పొందినవాళ్ల ఓటు తీసేశారు. 1918 ఈస్టర్‌లో క్విబెక్ సిటీలో అల్లర్లు జరిగితే సైన్యం కాల్పుల్లో నలుగురు చనిపోయారు. ఆ చీలిక భయం తర్వాత వచ్చిన ప్రధానులందర్నీ వెంటాడింది. "పార్లమెంటు నిర్ణయిస్తుంది" అనే మాట కెనడాలో అంత బలంగా నాటుకోవడానికి సగం కారణం అదేనని నేను అనుకుంటాను. క్విబెక్‌ని అడక్కుండా ఇంకో యుద్ధానికి దిగితే దేశం మిగలదని వాళ్లకు అర్థమైంది.

మన పిల్లలకు కొమగటమారు గురించీ చెప్పాలి. 1914 మే 23న 376 మంది ప్రయాణికులతో, ఎక్కువమంది పంజాబీలతో, ఆ ఓడ వాంకూవర్ చేరింది. రెండు నెలలు నిలబెట్టి, బహుకొద్దిమందిని తప్ప దిగనివ్వకుండా, జూలై 23న వెనక్కి పంపించారు. అప్పుడు ప్రధాని ఈ బోర్డెనే. పన్నెండు రోజులకు యుద్ధం మొదలైంది. బకమ్ సింగ్ కెనడా యూనిఫాం వేసుకున్నది ఆ మరుసటి ఏడాదే. బోర్డెన్ లండన్‌ని సమానత్వం అడిగాడు, తన దేశంలో అందరికీ ఇవ్వలేదు. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన రాయించండి. ఆదివాసీ జాతుల నుంచి నాలుగు వేల మందికి పైగా సైన్యంలో చేరారు. రిజర్వుల్లో, అంటే ఆదివాసీలకు కేటాయించిన ప్రాంతాల్లో ఉన్న ఆ జాతులవాళ్లకు చట్టం ఇచ్చిన ఆదివాసీ హోదా వదులుకోకుండా ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1960లో.

యుద్ధం తర్వాతి కాగితాలు

ఈ భాగానికి మా ఊళ్లో ఒక మంచి చోటుంది. వుడ్‌సైడ్ అనే పాత ఇల్లు, ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం. మెకెంజీ కింగ్ చిన్నప్పుడు ఉన్న ఇల్లు అది. ఆయన పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, ఊరు బెర్లిన్‌గా ఉన్నప్పుడు. 1921 చివర్లో ప్రధాని అయ్యాడు.

1922 సెప్టెంబర్‌లో టర్కీలోని చనాక్ దగ్గర బ్రిటిష్ సైన్యానికి ముప్పు వచ్చింది. డొమినియన్లు సైన్యం పంపాలని లండన్ కబురు పెట్టింది. ఆ సంగతి కింగ్‌కు టెలిగ్రాం కంటే ముందు ఒక పత్రికా విలేకరి నోటి నుంచి తెలిసింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. పార్లమెంటు నిర్ణయించాలన్నాడు. పార్లమెంటు కూర్చునేలోపు గొడవ సద్దుమణిగింది. ప్రతిపక్ష నాయకుడు ఆర్థర్ మెయిగెన్ మాత్రం, సిద్ధంగా ఉన్నామని చెప్పాల్సిందని అన్నాడు. 1914తో పోల్చమనండి. మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ మారింది.

మరుసటి ఏడాది మార్చి 2న వాషింగ్టన్‌లో హాలిబట్ అనే చేపల వేట మీద అమెరికాతో ఒప్పందం. చేపల గురించే కదా అనుకోవద్దు. అప్పటిదాకా ఇలాంటి ఒప్పందం మీద బ్రిటిష్ రాయబారి సంతకం ఉండాలి. ఈసారీ తాను చేస్తానన్నాడు రాయబారి. అక్కర్లేదని కింగ్ పట్టుబట్టాడు. కెనడా మంత్రి ఎర్నెస్ట్ లపాయింట్ ఒక్కడే సంతకం పెట్టాడు. ఆయన క్విబెక్ నాయకుడు. ఐదేళ్ల ముందు కాల్పులు జరిగిన క్విబెక్ నుంచి వచ్చిన మనిషి చేత మొదటి విడి సంతకం పెట్టించడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

1926లో కథలోకి విమీ జనరల్ బింగ్ తిరిగొస్తాడు. అప్పటికి ఆయన కెనడా గవర్నర్ జనరల్, అంటే కెనడాలో రాజు ప్రతినిధి. పార్లమెంటు రద్దు చేసి ఎన్నికలు పెట్టమని కింగ్ అడిగితే బింగ్ కాదని, మెయిగెన్‌ని పిలిచాడు. ఆ ప్రభుత్వం కొన్ని రోజుల్లోనే పడిపోయింది. కింగ్ ఆ విషయం మీదే ప్రచారం చేసి సెప్టెంబర్‌లో గెలిచాడు. చట్టం ప్రకారం బింగ్‌దే న్యాయమని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ వాదనలో బలముంది. పెద్ద పిల్లలుంటే రెండు జట్లుగా చేసి వాదించుకోనివ్వండి.

ఆ నవంబర్‌లోనే లండన్‌లో బాల్ఫోర్ ప్రకటన. బ్రిటన్, డొమినియన్లు హోదాలో సమానం, ఒకరి కింద ఒకరు కాదు. 1931 డిసెంబర్ 11న వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం దాన్ని చట్టబద్ధం చేసింది. అప్పటి నుంచి కెనడా అడిగితే తప్ప బ్రిటిష్ పార్లమెంటు కెనడాకు చట్టం చేయడానికి వీల్లేదు. రాజ్యాంగాన్ని మార్చే అధికారం మాత్రం లండన్‌లోనే ఉండిపోయింది. ఎలా మార్చుకోవాలో ప్రావిన్సులూ ఒట్టావా ఒక మాట మీదకు రాలేదు. అది ఇంటికొచ్చింది 1982 ఏప్రిల్ 17న.

న్యూఫౌండ్‌లాండ్ సంగతి

యుద్ధం చేసిన ప్రతి చిన్న దేశమూ పైకి ఎదిగిందని పిల్లలు అనుకోకుండా ఈ ఉదాహరణ తప్పకుండా చెప్పండి. అప్పట్లో న్యూఫౌండ్‌లాండ్ కెనడాలో భాగం కాదు, విడి డొమినియన్. 1916 జూలై 1 ఉదయం ఫ్రాన్స్‌లోని బోమాన్-హామెల్ దగ్గర దాని రెజిమెంట్ సుమారు 800 మందితో దాడికి లేచింది. మరునాడు పేర్లు పిలిస్తే పలికింది 68 మంది. ఆ యుద్ధం అప్పు, రైల్వే అప్పు, పైన 1930ల మాంద్యం. వడ్డీలు కట్టలేక 1934లో తమ శాసనసభను తామే పక్కన పెట్టి, లండన్ నియమించిన కమిషన్ చేతికి పాలన అప్పగించారు. తర్వాత 1949లో కెనడాలో కలిశారు. అందుకే జూలై 1న అక్కడ ఉదయం సంతాపం, తర్వాతే కెనడా డే. యుద్ధం ఒక దేశానికి సంతకం ఇచ్చింది, పక్క దేశం చేతిలోంచి సంతకాన్ని లాక్కుంది. తేడా ఎక్కడుందని పిల్లల్ని అడగండి. జనాభా, అప్పు, బేరమాడే శక్తి, ఈ మూడింటి చుట్టూ జవాబులు వస్తాయి.

"మరి మనం?" అని అడిగినప్పుడు

అడుగుతారు. వెర్సాయ్ ఒప్పందం మీద భారత్ సంతకం కూడా ఉంది. నానాజాతి సమితిలో కెనడాతో పాటు భారత్ కూడా మొదటి సభ్యుల్లో ఒకటి. అవే మూడు ప్రశ్నలు వేయించండి. సంతకాలు చేసింది గంగాసింగ్, భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి ఎడ్విన్ మాంటేగు. ఒకరు మహారాజు, ఒకరు లండన్ మంత్రి. భారత ప్రజలు ఎన్నుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఆ సంతకాలకు పదకొండు వారాల ముందే, ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగాయి. సంతకం ఉన్నా నిర్ణయం లేకపోతే ఏమవుతుందో పిల్లలకు నేను వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు.

ముగించే ముందు చేయించాల్సిన పని

ఒక్కో పిల్ల, పిల్లాడు తమ సైనికుడి గురించి ఒక పేజీ తెలుగులో రాయాలి. మొదటి సగం ఆ మనిషి గురించి: ఊరు, పని, అమ్మ పేరు, ఎక్కడ ఎలా పోయాడు. రెండో సగం ఆ చావు తర్వాత కెనడా ఏ కాగితం మీద ఏ హక్కు అడిగింది అన్నది. ఆసుపత్రి కాగితాల్లో సుఖవ్యాధుల గురించో, శిక్షల గురించో ఉంటే పెద్దవాళ్లు ముందే చదివి, పిల్లల వయసుకు తగ్గట్టు ఏది చూపించాలో తేల్చుకోవాలి.

ఒట్టావా వెళ్లేవాళ్లుంటే ముందే ఒక పని చేయండి. చనిపోయిన సైనికుల పేర్లున్న స్మృతి గ్రంథంలో మీ మనిషి పేరు ఏ పేజీలో ఉందో, ఆ పేజీని ఏ తేదీన తెరిచి ఉంచుతారో వర్చువల్ మెమోరియల్ సైట్‌లో రాసి ఉంటుంది. ఆ తేదీకి ప్రయాణం పెట్టుకోండి. పార్లమెంటు ప్రధాన భవనం సెంటర్ బ్లాక్ మరమ్మతుల వల్ల గ్రంథాలను పక్కనున్న వెస్ట్ బ్లాక్‌కి మార్చారు, బయల్దేరే ముందు సందర్శన వేళలు చూసుకోండి.

తర్వాతి పాఠానికి అదే స్మారకం దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఈసారి 1939–1945 కింద ఉన్న పేర్ల కోసం. బ్రిటన్ యుద్ధం ప్రకటించింది 1939 సెప్టెంబర్ 3న. కెనడా పార్లమెంటు సమావేశమై చర్చించాక, తన యుద్ధాన్ని తాను ప్రకటించింది సెప్టెంబర్ 10న. ఆ ఏడు రోజుల గురించి మూడు ప్రశ్నలకూ జవాబులు పిల్లల్నే వెతికి రాసుకు రమ్మనండి.